నర్సింగ్ విద్యలో ఆధార నిర్దేశము

ఆధార నిర్దేశమనగా, రచయిత తాను స్వయముగా చూడని, కొలువని విషయమును తన రచనలో చెప్పునపుడు, దానిని మున్ను చెప్పిన వారెవరో, ఎప్పుడు చెప్పిరో, అది ఎచ్చట ప్రకటితమయ్యెనో పాఠకుడు వెదకి సరిచూచుకొనుటకు వీలగునట్లు తెలుపు పద్ధతి. దీనికి రెండు అంగములు కలవు. వాక్యము ప్రక్కనే ఉంచు సంఖ్య గాని, కర్త పేరును సంవత్సరమును గాని మొదటిది. రచన చివర ఆ సూచనకు సరిపడు పూర్తి వివరములతో కూర్చిన పట్టిక రెండవది. వీనిలో ఏ యొకటి లోపించినను మిగిలినది నిరర్థకము. నర్సింగ్ కళాశాలలలో వ్రాయబడు కేర్ ప్లానులు, కేస్ స్టడీలు, డ్రగ్ స్టడీలు, హెల్త్ టాకులు, సెమినారు పత్రములు, పరిశోధన నివేదికలు, వీనికన్నిటికి ఈ నియమము వర్తించును. నర్సింగ్ రోగి శరీరముపై ఆచరింపబడు విద్య. కావున ఇచ్చట ఆధార నిర్దేశము పాండిత్య మర్యాదగా మాత్రమే నిలువక, రోగి రక్షణలో ఒక భాగమగుచున్నది. మందు ఇచ్చిన నర్సు చార్టుపై వేళ వేసి సంతకము చేయుట ఎట్టిదో, వాక్యము వ్రాసిన విద్యార్థిని ఆధారము చూపుట అట్టిది: రెండును రేపు ప్రశ్న వచ్చినపుడు నిజము తేల్చుకొనుటకు ఉంచిన దారులు.

చరిత్ర

ఆధారము చూపి మాటాడుట మన శాస్త్ర సంప్రదాయమునకు క్రొత్త కాదు. కాళిదాసు కావ్యములకు వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి, మూలము లేని మాట వ్రాయనని ఆరంభముననే ప్రతిజ్ఞ చేసి, నిఘంటువులను, వ్యాకరణ సూత్రములను, స్మృతులను పేర్కొనుచు వ్యాఖ్యానము సాగించెను. అయితే పాఠకునకు ఆ గ్రంథములు కంఠస్థములై యుండునను నమ్మకముతో నడచిన కాలమది. పుట సంఖ్యతోను, ముద్రణ వివరముతోను అప్పటివారికి పని లేకపోయెను. అచ్చుయంత్రము వచ్చి, పత్రికలు వేలకొలది వెలువడి, ఒక్క వైద్యుడు తన శాస్త్రమునంతటిని చదువజాలని స్థితి యేర్పడిన పిమ్మటనే, ఏది ఎచ్చట ఉన్నదో చెప్పు ఏర్పాటు తప్పనిసరి యయ్యెను. అమెరికా సైన్య వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్ 1879లో ఆరంభించిన ‘ఇండెక్స్ మెడికస్’ అను వైద్య వ్యాసముల సూచి అట్టి అవసరమునుండి పుట్టినదే. నేడు నర్సింగ్ విద్యార్థులు సెల్‌ఫోనులో తెరచుచున్న పబ్‌మెడ్ దాని వంశమునకు చెందినది. ఇది 1996లో వెలువడినది.

నేడు ప్రచారములోనున్న మూడు ప్రధాన పద్ధతులకు మూడు పుట్టుకలు కలవు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో నత్తజాతి జీవిని గూర్చి ప్రకటించిన వ్యాసమున కర్త పేరును, సంవత్సరమును కుండలీకరణములలో ఉంచెను. హార్వర్డ్ పద్ధతికి అది మూలమని చెప్పుదురు. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘము 1929లో ఏడు పుటల నియమావళిగా ప్రకటించినది క్రమముగా పెరిగి ఏ.పీ.ఏ. పద్ధతియై, ఏడవ కూర్పుగా 2019లో వెలువడెను. ఇక 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకోవర్ నగరమున సమావేశమై, తమకు వచ్చు వ్యాసములన్నిటికి ఒకే రూపముండవలెనని నిర్ణయించిరి. మరుసటి సంవత్సరము ప్రకటితమైన ఆ నియమములే వాంకోవర్ పద్ధతి యని పేరొందినవి. భారతదేశమున వైద్య, నర్సింగ్ పరిశోధనలలో వాంకోవర్ పద్ధతి విస్తారముగా కనబడును; అమెరికా నర్సింగ్ కళాశాలలలో ఏ.పీ.ఏ.కు, బ్రిటన్‌లో హార్వర్డ్ రూపములకు వ్యాప్తి హెచ్చు. గుంటూరు, విజయవాడ కళాశాలలలో చదివి విదేశములలో పై చదువునకు పోవు తెలుగు నర్సులకు అచ్చట ఎదురగు తొలి చిక్కులలో ఈ పద్ధతి మార్పు ఒకటి.

గుంటూరు సీమ నేపథ్యము

గుంటూరులో నర్సుల చరిత్ర వ్రాయబూనిన విద్యార్థిని తప్పక చేరు పేరు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. ఈమె 1856లో పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టము పొంది, లూథరన్ మిషను పక్షమున 1883లో గుంటూరు చేరెను. చిన్న మందుల గదితో మొదలైన ఆమె సేవ 1898లో స్త్రీలకు, శిశువులకు వైద్యశాలగా రూపొందెను. నేడు కుగ్లర్ ఆసుపత్రిగా పేర్కొనబడుచున్నది అదియే. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. ప్రభుత్వ పక్షమున 1946లో గుంటూరు వైద్య కళాశాల నెలకొనగా, దానికి అనుబంధమైన సర్వజనాసుపత్రి ఈ సీమకు ప్రధాన శిక్షణ స్థానమయ్యెను. 1986లో విజయవాడ కేంద్రముగా ఏర్పడిన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము రాష్ట్రములోని నర్సింగ్ డిగ్రీలకు పరీక్షాధికారము వహించుచున్నది. దీనికి తరువాతి కాలమున ఎన్.టీ.ఆర్. పేరు పెట్టబడెను.

కుగ్లర్ తన వైద్యశాల చరిత్రను స్వయముగా ఆంగ్లమున రచించెను. ‘గుంటూర్ మిషన్ హాస్పిటల్’ అను ఆ గ్రంథము 1928లో అమెరికాలో ప్రకటితమైనది. ఆ గ్రంథమును తెరచి చూచి వ్రాసిన వాక్యము ప్రాథమికాధారము గలది. ఆ గ్రంథమును చూచిన వేరొకరి వ్యాసమునుండి గ్రహించి వ్రాసినది ద్వితీయాధారము గలది. రెండవ విధమున వ్రాసినవారు చివరి పట్టికలో కుగ్లర్ గ్రంథమును చేర్పరాదు. తాము చదివిన వ్యాసమునే చేర్చి, కుగ్లర్ మాట అందునుండి గ్రహింపబడినదని వాక్యములో చెప్పవలెను. తెరవని గ్రంథము పేరు పట్టికలో వ్రాయుట మిక్కిలి సామాన్యముగా జరుగు దోషము. అచ్చుతప్పుతో కూడిన సంవత్సరము గాని, పుట సంఖ్య గాని ఒకరి పట్టికనుండి మఱొకరి పట్టికకు తరలుచు చిరకాలము బ్రదుకుట కిదియే కారణము.

ఒక కేర్ ప్లానులో ఆధారములు

ఏ వాక్యమునకు ఆధారము కావలెను, దేనికి అక్కరలేదు అను ప్రశ్నకు ఉదాహరణ మూలమున సమాధానము చెప్పుట సులభము. పత్తికి, మిరపకు పురుగుమందుల వాడుక మెండుగా నున్న గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ఆర్గానోఫాస్ఫరస్ విషప్రభావమునకు లోనై క్యాజువాలిటీకి వచ్చు రోగులు విద్యార్థినులకు పరిచితులు. మందు కొట్టునపుడు ఒంటిపై పడి విషమెక్కినవారును, త్రాగినవారును వీరిలో కలరు. అట్టి రోగిని గూర్చి ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని కేర్ ప్లాను వ్రాయుచున్న దనుకొందము.

కంటిపాపలు మిక్కిలి కుంచించుకొని యున్నవి, నోట చొల్లు కారుచున్నది, ఊపిరి తీయునపుడు గురగుర శబ్దము వినబడుచున్నది అని ఆమె వ్రాసిన వాక్యములకు గ్రంథాధారము అక్కరలేదు; అవి ఆమె చూచినవి, విన్నవి. వానికి ఆధారము రోగి పరీక్షయే, కేస్ షీటే. అయితే కేస్ షీటును పేర్కొనునపుడు రోగి పేరు, ఊరు, ఐ.పీ. సంఖ్య వ్రాయరాదు, ఆధారము చూపవలసిన బాధ్యతకంటె రోగి గోప్యత ఇచ్చట బలవత్తరము. ఈ విషము ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేస్ అను ఎంజైమును అణచుటవలన నీ లక్షణములు కలుగునని చెప్పు వాక్యమునకు ఫార్మకాలజీ పాఠ్యగ్రంథము ఆధారము. దాని పేరు, కూర్పు, పుట వ్రాయవలెను. వాయుమార్గమున స్రావములు నిండి శ్వాస సాగకపోవుటను నర్సింగ్ డయాగ్నోసిస్‌గా వ్రాసినచో, ఆ పదబంధము నాండా సంస్థ పట్టికనుండి గ్రహింపబడినది. ఆ పట్టిక మూడేండ్ల కొకసారి సవరింపబడును గనుక ఏ కూర్పునుండి గైకొనబడెనో చెప్పవలెను. రాష్ట్రమున విషప్రయోగమువలన మరణించినవారి సంఖ్య వ్రాసినచో జాతీయ నేర నమోదు సంస్థ వార్షిక నివేదికను, దాని సంవత్సరముతో సహా, చూపక తీరదు.

చికిత్స భాగమునకు వచ్చునప్పటికి ఆధారముల విలువ స్పష్టముగా తెలియును. అట్రోపిన్ ఈయవలెననుటలో భేదాభిప్రాయము లేదు. వార్డులో పామ్ అని పిలువబడు ప్రాలిడాక్సిమ్ విషయమున మాత్రము పరిశోధనలు ఏకకంఠముగా పలుకలేదు. మహారాష్ట్రలోని బారామతిలో జరిగి 2006లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటితమైన పరిశోధన, ఎడతెగక ఎక్కించిన ప్రాలిడాక్సిమ్ విడివిడిగా ఇచ్చిన మోతాదులకంటె మేలు చేసినదని తేల్చెను. శ్రీలంకలో జరిగి 2009లో ‘ప్లోస్ మెడిసిన్’ పత్రికలో వెలువడిన పరిశోధనకు ఆ మందువలన ప్రయోజనము కానరాలేదు. ‘పామ్ పని చేయునని పరిశోధనలు చెప్పుచున్నవి’ అని ఆధారములేక వ్రాసిన వాక్యము ఈ వివాదమును పూర్తిగా మరుగుపరచును. పత్రిక పేరుతో, సంవత్సరముతో వ్రాసిన వాక్యము పాఠకునకు ఆ రెంటిని తూచి చూచుకొను అవకాశ మిచ్చును. ఆధారము చూపుట తన మాటకు బలము చేకూర్చుకొనుటకే యని విద్యార్థినులు తలతురు. తన మాటను కాదను వారికి త్రోవ చూపుట గూడ దానిలో ఇమిడి యున్నది.

సంవత్సరము, కూర్పు

వైద్య విషయములలో కర్త పేరెంత ముఖ్యమో సంవత్సరమంత ముఖ్యము. గుండె ఆగిన రోగికి చేయు పునరుజ్జీవన క్రియలో మొదట వాయుమార్గము, పిదప శ్వాస, అటుపిమ్మట రక్తప్రసరణ అను క్రమము చిరకాలము బోధింపబడెను; 2010లో అమెరికా హృదయ సంఘము ఈ క్రమమును మార్చి ఛాతీపై ఒత్తుటను ముందునకు తెచ్చెను. పాత కూర్పు పుస్తకమును చూచి, కూర్పు సంఖ్య చెప్పక వ్రాసిన అసైన్‌మెంట్‌లో పాత క్రమము క్రొత్తదానివలె చెలామణి యగును. బ్రూనర్, సడార్త్ అను విదుషీమణులు 1964లో తొలిసారి ప్రకటించిన మెడికల్–సర్జికల్ నర్సింగ్ పాఠ్యగ్రంథము నేటికిని వారి పేరుతోనే వెలువడుచున్నను, నేటి కూర్పుల రచయితలు వేరు. పట్టికలో కేవలము ‘బ్రూనర్’ అని వ్రాసి విడుచుట ఏ పుస్తకమును చూపనట్లే యగును. ఫ్లారెన్స్ నైటింగేల్ ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ వంటి ప్రాచీన గ్రంథమును పేర్కొనునపుడు మూల ప్రచురణ సంవత్సరమును, చేతనున్న ముద్రణ సంవత్సరమును రెంటిని చెప్పుట ఉత్తమము.

ప్రకటితమైన వ్యాసము పిమ్మట ఉపసంహరింపబడవచ్చునను ఎరుక గూడ అవసరము. తట్టు, గవదలు, రుబెల్లా టీకాకును ఆటిజమునకును సంబంధము కలదను భ్రమ కలిగించిన 1998 నాటి ‘లాన్సెట్’ వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను. టీకాలపై హెల్త్ టాక్ ఇచ్చు విద్యార్థిని దానిని నిజమైన పరిశోధనగా పేర్కొన్నచో, ఆమె పట్టిక రూపమున దోషమేమియు లేకున్నను, తల్లులకు చెప్పినది అసత్యమే యగును. పబ్‌మెడ్‌లో ఉపసంహృత వ్యాసములకు ఆ గుర్తు స్పష్టముగా వేయబడును.

తెలుగు పేరుల చిక్కు

పైన చెప్పిన మూడు పద్ధతులును చివరి పట్టికలో కుటుంబ నామమును మొదట ఉంచి, సొంత పేరును పొడి అక్షరములుగా కుదించును. మన పేరులలో ఇంటిపేరు మొదటనే యుండి, వాడుకలో అదియే పొడి అక్షరముగా కుదింపబడును. ఈ వైపరీత్యమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరమున 1895లో జన్మించిన ఈ శాస్త్రజ్ఞుడు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలసి రక్తములో, మూత్రములో భాస్వరమును కొలుచు విధానమును కనుగొనెను. ఆ వ్యాసము వాంకోవర్ రూపమున ఇట్లుండును:

ఫిస్కె సిహెచ్, సుబ్బారావ్ వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375–400.

ఇందు కర్తల పేరులు, వ్యాసము పేరు, పత్రిక పేరు సంక్షేపము, సంవత్సరము, సంపుటము, పుటలు అను క్రమమును గమనింపవలెను. యల్లాప్రగడ అను ఇంటిపేరు ఇందు ‘వై’ అను ఒక్క అక్షరమై, సుబ్బారావు అను సొంత పేరు కుటుంబ నామ స్థానము నాక్రమించినది. ఇంటిపేరు ఇదియని సవరింపబూని ఎవరైనను దీనిని ‘యల్లాప్రగడ ఎస్.’ అని వ్రాసినచో, ఆ పేరుతో సూచులలో వెదకువారికి ఆ వ్యాసము దొరకుట కష్టము. కావున ప్రచురణలో పేరు ఎట్లు ముద్రితమైనదో అట్లే వ్రాయుట నియమము; కర్తకు తన పేరుపై హక్కు కలదు గాని పేర్కొనువానికి దానిని దిద్దు అధికారము లేదు. సుబ్బారావులు, వెంకటేశ్వరరావులు, లక్ష్మీదేవులు అసంఖ్యాకముగా నున్న మన దేశమున ఈ చిక్కును తీర్చుటకు 2012లో మొదలైన ఆర్సిడ్ అను పరిశోధకుల గుర్తింపు సంఖ్య కొంత తోడ్పడుచున్నది.

తెలుగు గ్రంథములను, ప్రభుత్వ ఆరోగ్యశాఖ తెలుగు కరపత్రములను ఆంగ్ల అసైన్‌మెంటులో పేర్కొనుట తప్పు కాదు. రచయిత పేరు లేని కరపత్రమునకు దానిని ప్రకటించిన శాఖయే కర్త. వాంకోవర్ పద్ధతిలో పేరును ఆంగ్లీకరించి చదరపు కుండలీకరణములలో ఉంచి, భాష తెలుగు అని చివర చెప్పవలెను. ప్రసవానంతర పథ్యములను, బాలింత ఆహార నియమములను గూర్చి వ్రాయువారికి గుంటూరు సీమలో వాడుకలోనున్న తెలుగు ఆధారములు ఆంగ్ల పాఠ్యగ్రంథములకంటె ఎక్కువ ఉపకరించును. తరగతిలో ఉపాధ్యాయిని చెప్పిన మాటను, సీనియర్ స్టాఫ్ నర్సు నోటిమాటను మాత్రము చివరి పట్టికలో చేర్పరాదు. పాఠకుడు వెదకి చూడగలది కాదు గనుక, ఏ.పీ.ఏ. పద్ధతిలో దానిని వాక్యములోనే సూచించి విడుతురు.

గ్రంథచౌర్యము, దాని నియమములు

ఇతరుల మాటలను, భావములను, పట్టికలను తనవిగా చూపుట గ్రంథచౌర్యము. నర్సింగ్ కళాశాలలలో ఇది దొంగబుద్ధితో జరుగుటకంటె అలవాటుగా జరుగుట హెచ్చు. సీనియర్ల రికార్డును ముందు పెట్టుకొని, రోగి వయస్సును, తేదీని మార్చి తెల్లవారులు ఎత్తి వ్రాయుట హాస్టలు జీవితమున పరంపరగా వచ్చుచున్నది. చక్కని దస్తూరికి, రంగు పెన్సిళ్ల బొమ్మలకు మార్కులు వేసి, ఆధారములను చూడక సంతకము చేయు రికార్డు పరిశీలన ఉన్నంతకాలము ఈ పరంపర తెగదు. వాక్యములోని రెండు మూడు పదములు మార్చినంతమాత్రమున అది సొంత వాక్యము కాదు. భావమును గ్రహించి పుస్తకము మూసి తన మాటలలో వ్రాసినను ఆధారము చూపవలసియే యుండును. ఉన్నదున్నట్లు గ్రహించిన మాటలకు ఉద్ధరణ చిహ్నములును, పుట సంఖ్యయు అదనముగా కావలెను.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ఈ విషయమున నిబంధనలు ప్రకటించెను. మినహాయింపులు పోగా మిగులు సామ్యము 10 శాతము మించని సిద్ధాంత వ్యాసమునకు శిక్ష లేదు. 10 మొదలు 40 శాతము వరకు ఉన్నచో ఆరు నెలలలోపల సవరించి తిరిగి సమర్పింపవలెను. 40 మొదలు 60 శాతము వరకు ఉన్నచో ఒక సంవత్సరము సమర్పణకు అవకాశముండదు. 60 శాతము మించినచో ఆ చదువు నమోదే రద్దగును. ఆధారము చూపి ఉద్ధరించిన భాగములు, ఆధారముల పట్టిక, శాస్త్ర పరిభాష, చట్టములు ఈ లెక్కలోనికి రావు. అయితే సామ్యమును కొలుచు సాఫ్ట్‌వేరు పదములను పోల్చగలదే గాని నిజాయితీని కొలువజాలదు. ఒకే పద్ధతిలో వర్ణింపబడు రక్తపోటు కొలత వంటి విధానములకు హెచ్చు శాతము చూపవచ్చును. నేర్పుగా పదములు మార్చిన చౌర్యమునకు శూన్యము చూపవచ్చును.

కృత్రిమ మేధ సాధనములు వచ్చిన పిమ్మట క్రొత్త దోషమొకటి బయలుదేరినది. అడిగిన తోడనే అవి చక్కని రూపముతో, నమ్మదగిన పత్రిక పేరులతో, అసలు లేని వ్యాసములను కల్పించి ఈయగలవు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘము, అనగా వాంకోవర్ సమావేశమునుండి ఏర్పడిన ఆ సంఘమే, అట్టి సాధనములను కర్తలుగా పేర్కొనరాదని 2023లో స్పష్టము చేసెను. పట్టికలోని ప్రతి వ్యాసమును దాని డి.ఓ.ఐ. సంఖ్యతో, అనగా దానికి ప్రత్యేకముగా కేటాయింపబడిన గుర్తింపు సంఖ్యతో, తెరచి చూచుట ఈ దోషమునకు నిర్ణీత పరిహారము.

బోధనా క్రమము

భారత నర్సింగ్ మండలి 2021లో నోటిఫై చేసిన సవరించిన బి.ఎస్‌సి. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో నర్సింగ్ పరిశోధన, గణాంకములు ఏడవ సెమిస్టరులో వచ్చును. ఆధార నిర్దేశము శాస్త్రీయముగా బోధింపబడు స్థానమదియే. కేర్ ప్లానులు, డ్రగ్ స్టడీలు మాత్రము మొదటి సంవత్సరములలోనే మొదలగును. ఈ మధ్యకాలమున విద్యార్థిని వందల పుటలు ఆధారము చూపక వ్రాయుటకు అలవాటుపడి, ఏడవ సెమిస్టరున ఆ అలవాటును మానుకొనవలసి వచ్చుచున్నది. రెండవ సెమిస్టరులోని ఇన్ఫర్మాటిక్స్ పాఠములతోనే పబ్‌మెడ్ వెదకుటను, జోటెరో వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఆధారములను భద్రపరచుటను నేర్పి, ప్రతి కేర్ ప్లానుకు కనీసము మూడు ఆధారములు తెరచి చూపవలెనని నియమించి, వానికే కొన్ని మార్కులు కేటాయించినచో, విద్యార్థిని పరిశోధన పాఠమునకు వచ్చునాటికి ఈ విద్య చేతికి వచ్చి యుండును. ఉపాధ్యాయులు ప్రతి రికార్డునుండి ఒక్క ఆధారమును ఎన్నుకొని తామును తెరచి చూచుట ఈ ఏర్పాటునకు కీలకము. ఎవరో ఒకరు సరిచూతురని తెలిసిన పట్టికను నిర్లక్ష్యముగా వ్రాయువారు అరుదు.